అక్క తీసిచ్చిన ర్యామ్

కరీంనగర్‌లో మాది రెండు వాటాల ఇల్లు. కింద మా ఆయన అన్న, ఆయన భార్య ఉంటారు. పైన మేమిద్దరం. ఆమె నాకు యారాలు. కానీ పెళ్లయిన కొత్తలోనే అక్కా అని పిలవడం అలవాటై, బయటివాళ్లు మమ్మల్ని సొంత అక్కచెల్లెళ్లే అనుకుంటారు.

ఇద్దరం ఇంట్లో ఉండే పని చేసుకుంటాం. అక్క జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేస్తుంది. పువ్వులు, నెమళ్లు ముందు కంప్యూటర్‌లో గీసుకుని, ఆ డిజైన్‌ను కుట్టు మిషన్‌కు ఎక్కిస్తుంది. ఆమె పుట్టింటివాళ్లు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపినవాళ్లు. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. నాది పెళ్లి ఆల్బమ్‌ల పని. ఫోటోగ్రాఫర్లు తెచ్చిచ్చిన ఫోటోల్లోంచి మంచివి ఏరి, పేజీలుగా పేర్చి ఇస్తాను.

మా కంప్యూటర్లు రెండూ ఒక్క తీరువే. అన్నదమ్ములిద్దరూ ఒకేరోజు ఒకే ఆటోలో వేసుకొచ్చారు. తర్వాతెప్పుడో అక్క తన దాంట్లో ఇంకో నాలుగు జీబీ ర్యామ్ వేయించుకుంది. నేను వేయించుకోలేదు. నడుస్తోంది కదా అని ఊరుకున్నాను.

ఈసారి మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేసరికి నాది మొండికేసింది. ఇప్పటి కెమెరాల ఫోటోలు ఒక్కొక్కటీ ఎంతో బరువు. నాలుగు ఫోటోలు ఒక పేజీలో పెట్టగానే తెర బిగుసుకుపోయేది. లేచి వెళ్లి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా అది అక్కడే ఉండేది. చేసిన పేజీ దాచుకునేలోపే ఆరిపోయిన రోజులూ ఉన్నాయి.

బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకు వెళ్లాను. షాపాయన లోపలి మదర్‌బోర్డు ఏదని అడిగితే నాకు తెలియలేదు. కంప్యూటర్ మూత విప్పి ఫోన్‌లో తీసుకెళ్లిన ఫోటో చూపించాను.

“మీది పాత రకం బోర్డు మేడం. గిప్పుడొచ్చే ర్యామ్ దాన్ల కూసోదు” అన్నాడు.

ఇక నేను ఎంచుకోవాలి. బోర్డుతో సహా అన్నీ మార్చడం ఒక దారి. పాత రకం ర్యామ్ హైదరాబాద్ నుంచి తెప్పించుకోవడం ఇంకో దారి. తెప్పించుకుంటే మళ్లీ ఇంకో ప్రశ్న. ఒకే రకానివి నాలుగు జీబీవి రెండు తెచ్చి పాతది తీసేయడమా, లేక ఉన్న నాలుగు పక్కనే ఒక ఎనిమిది జీబీది పెట్టడమా? వందల ఫోటోల్లోంచి పెళ్లికూతురు కళ్లు సరిగ్గా తెరిచినదాన్ని ఏరి పెట్టే మనిషిని, ఆ కౌంటర్ ముందు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాను. ఆల్బమ్‌ల పనికి ఎనిమిదే మంచిదని, పాతదానితో కలవకపోతే వాపసు తీసుకుంటానని ఆయనే చెప్పాడు. సరే, ఎనిమిదే తెప్పించమన్నాను. వచ్చాక ఫోన్ చేస్తానన్నాడు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఇదంతా అక్కకు చెప్పాను. చేతిలో వేములవాడ పెళ్లి ఆల్బమ్ ఉందని, ఎట్లా పూర్తవుతుందో తెలియడం లేదని కూడా అన్నాను.

“నా దాన్ల రెండున్నయి గద. అది వచ్చేదాక ఒకటి పెట్టుకో చెల్లె” అంది.

మరి నీ పని, అని అడిగాను. జర నిదానమైతది గంతే అంది. నేను మళ్లీ అడగలేదు. పెళ్లిళ్ల కాలంలో నాకు ఆల్బమ్‌లు వస్తే ఆమెకు జాకెట్లు వస్తాయి. ఇద్దరిదీ ఒకటే సీజన్. అది నాకు తెలియని సంగతేమీ కాదు.

బావ ఆమె కంప్యూటర్ విప్పి, ఒక ర్యామ్ తీసి, దుమ్ము దులిపి నా దాంట్లో పెట్టాడు. దాంతో నా పని పరుగందుకుంది. పేజీ అడగ్గానే వచ్చేది. ఫోటోగ్రాఫర్ ఒకాయన, మేడం స్పీడ్ పెరిగింది అని మెచ్చుకుంటే నవ్వాను కూడా.

కొన్నాళ్లకు షాపు నుంచి ఫోన్ వచ్చింది. ర్యామ్ వచ్చిందట. రేపు వస్తానని చెప్పాను. రేపటికి ఇంకో పెళ్లి ఫోటోలు వచ్చి పడ్డాయి. షాపుకు వెళ్తే పూట పోతుంది. ఎట్లాగూ నడుస్తోంది, అక్క కూడా అడగడం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ ఫోన్ మోగినప్పుడు ఆ నంబర్ చూసి, ఈ పేజీ అయ్యాక చేద్దామనుకుని ఎత్తలేదు. ఆ తర్వాత చేయనూ లేదు.

మధ్యాహ్నాలు కింద అక్క మిషన్ చప్పుడు మా నేల దాకా తెలిసేది. అది ఆగిపోయింది. నేను గమనించలేదని చెప్పలేను. గమనించి, దాని గురించి ఆలోచించకుండా పని చేసుకున్నాను.

ఒకరోజు అక్క బజారుకు వెళ్లిన వేళ ఒకామె మెట్లెక్కి పైకొచ్చింది. కొండగట్టు దిక్కు పల్లె నుంచి వచ్చిందట. చేతిలో బట్టల మూట ఉంది.

“కింద అక్క ఉన్నదా అమ్మా? కంప్యూటర్ ఖరాబైందని మొన్న బట్టలు వాపస్ ఇచ్చింది. బాగైందేమో అని మళ్ల వచ్చిన. గామె చేసిన డిజైనే కావాలంటది మా బిడ్డ. పెండ్లి దగ్గర పడ్డది.”

నాకు తెలియదన్నాను. ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె నా భుజం మీదుగా తెర వైపు చూసి, మీది మంచిగనే నడుస్తుంది గదా అంది. ఆమె మాటలో ఏ ఉద్దేశమూ లేదు. మంచినీళ్లు తాగి, మూట సర్దుకుని దిగిపోయింది.

ఆమె వెనకాలే దిగి, ఆగమని చెప్పాల్సింది. ఆ ర్యామ్ అప్పుడే పీకి పట్టుకెళ్లి కింద పెట్టాల్సింది. కానీ చేతిలో ఉన్న ఆల్బమ్ ఆ పూటే ఇవ్వాలి. మళ్లీ కూర్చుని చివరి పేజీలు పూర్తిచేశాను. చేతులు వణికాయని రాసుకుంటే బాగుంటుంది గానీ, వణకలేదు. శుభ్రంగా పనిచేశాయి.

ఆల్బమ్ పంపించేసి షాపుకు పరుగెత్తాను. షాపాయన నొచ్చుకున్నాడు.

“మల్ల మల్ల ఫోన్ చేసిన మేడం, మీరు ఎత్తలే. గా రకం దొరుకుడే కష్టం. ఇంకొకలు అడిగితే ఇచ్చేసిన.”

ఆయన్ని అనడానికి ఏముంది? మళ్లీ తెప్పించమని, ఈసారి రెండు కావాలని చెప్పి ఇంటికొచ్చాను. కంప్యూటర్ ఆపి, పక్క మూత విప్పి, అక్క ర్యామ్ తీసుకుని కిందికి వెళ్లాను.

అక్క ఒక చీరకు ఫాల్ కుడుతోంది. ర్యామ్ ఆమె ముందు పెట్టి, పల్లె నుంచి వచ్చినామె సంగతి చెప్పాను. షాపు నుంచి ఫోన్ వచ్చినా నేను వెళ్లలేదనీ చెప్పాను. ఇది ఆమెకు తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

“ఒక్కదాంతోని డిజైన్ తెరుచుకోనే లేదు. హైదరాబాద్ నుంచి రావాలె, ఇంక రాలేదేమో అని ఊకున్న” అంది.

“పని ఆగిందని ఒక్కమాట చెప్పకపోతివి కదక్కా” అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే సిగ్గేసింది. తప్పు ఆమె మీదికి నెట్టినట్టే వినిపించింది.

“ఇచ్చినంక ఎట్ల అడుగుతరే? నీ పనైతే నువ్వే తెచ్చిస్తవనుకున్న.”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది. రాలేదని ఎందుకు చెప్పాలె? జర కొన్ని రోజులుంటది. తర్వాత పోతది.”

అక్క దగ్గర ఆ పల్లె నుంచి వచ్చినామె నంబర్ ఉంటే తీసుకుని నేనే ఫోన్ చేశాను. ఆలస్యమైంది నా వల్లేనని, బట్టలు తెస్తే ముందు మీవే అవుతాయని చెప్పాను. దారిలోనే ఇంకోచోట ఇచ్చేశామంది. మీరేం పరేషాన్ కాకండి అని కూడా అంది. ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది. ఆ పిల్ల తాను కోరుకున్నది వేసుకోకుండానే పెళ్లిపీటల మీద కూర్చుంటుంది.

బావ ర్యామ్ పెట్టగానే కింద మిషన్ మళ్లీ మొదలైంది. నా కంప్యూటర్ పాత నడకకే వచ్చింది. ఆల్బమ్‌లు ఆలస్యమవుతాయని ఫోటోగ్రాఫర్లకు ముందే చెప్పాను. స్పీడ్ పెరిగిందని మెచ్చుకున్నాయన పని వేరేవాళ్లకు ఇచ్చాడు. బాధ కలగలేదు. అది న్యాయమేననిపించింది.

ఈసారి షాపు నుంచి ఫోన్ రాగానే వెళ్లాను. ఒక ఎనిమిది నాకు, ఒకటి అక్కకు. నాకెందుకే, ఉన్నది సరిపోతది అంటుందేమో అనుకున్నాను. అనలేదు. తీసుకుని, పెట్టించుకుంది.

చెప్పినట్టే కొన్ని రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేది. ఆ జరగడం నాకు తిట్టుకంటే ఎక్కువగా తగిలేది. బతిమాలి ఆ కోపాన్ని తొందరగా తగ్గించాలని చూడలేదు. ఆ హక్కు నాకు లేదనిపించింది.

ఒక మధ్యాహ్నం మెట్ల కింది నుంచి పిలిచింది. దిగి వెళ్తే తెర మీద సగం గీసిన నెమలి ఉంది. మెడకు ఏ రంగైతే బాగుంటుందని అడిగింది. ఆకుపచ్చ అన్నాను.

“నీ మొకం. గీ ఎర్ర జాకెట్ మీద పచ్చనా?” అని నీలం పెట్టింది.

పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాను.