వెనక చక్రం దగ్గర మనిషి

మా మామ పోయాడన్న కబురు కిష్టారం నుంచి వచ్చింది. ఆయన ఉండేది ఎర్రబోరులో, మా ఇంట్లోనే, రోడ్డు వైపు గదిలో. పోయింది మాత్రం కిష్టారంలో ఒకావిడ ఇంటి అరుగు మీద. ఫోన్ చేసింది కూడా ఆవిడే. ఊళ్లో సిగ్నల్ అందక పోలీసు క్యాంపు దగ్గర టవరు దాకా నడిచి వచ్చిందట. "బిడ్డా, మీ మామ ఈడ పోయిండు. మా అరుగు మీదనే. నింపాదిగ రాండ్రి, నేను పోయి దగ్గర కూసుంట" అంది. నాకు ఏడుపు రాలేదు. ముందు నమ్మకం కలగలేదు. ఆవిడ మామని అరుగు ఎక్కనిచ్చిందా?

నా ఆశ్చర్యం మీకు అర్థం కావాలంటే ఆయన పని గురించి చెప్పాలి. ఆయన మా అమ్మకి తమ్ముడు, వృత్తి కళాసీ, అంటే పెద్ద బరువులు జరిపించే పని. బైలడిల్లా కొండల్లో ఇనుప గనులు పెరుగుతున్న కాలమది. రాయిని పిండి చేసే యంత్రాలు ఓడల్లో విశాఖ రేవుకి వచ్చేవి. క్రేన్లు వాటిని దించి, చూపుకి చక్రాలు లెక్క తెగని పెద్ద ట్రాలీల మీద పెట్టేవి. అక్కణ్ణించి ఘాట్ రోడ్లెక్కి, కోరాపుట్ దాటి, బస్తరు దాకా ఆ ట్రాలీ మనిషి నడిచే వేగంతోనే వచ్చేది. ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకొని దాని ముందు నడిచేవాడు. ముందుకి కాదు, వెనక్కి. మొహం ఎప్పుడూ డ్రైవరు వైపే ఉండాలి. గుడ్డ పట్టిన చెయ్యి పైకెత్తితే బండి ఆగాలి, తనవైపు ఊపితే కదలాలి. ఆ మనిషి మా మామ.

బండి ఎక్కడ ఆగితే అక్కడ వెనక చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడానికి ఇంకో మనిషి ఉంటాడు. అతను కిష్టారం దొరల పిల్లవాడు, మామకి సోపతి, అంటే నేస్తం. దొరలంటే జమీందార్లనుకునేరు, అడవిలో పొలం చేసుకునే దొర్ల తెగ వాళ్లు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. ఒకే బీడీ చెరిసగం కాల్చేవారట. లోడు అంత పొడుగు కాబట్టి ముందు మనిషికి వెనక మనిషి కనపడడు. దిమ్మ పెట్టి లేచాక అతను వేసే అరుపు మీదే నమ్మకం.

మామ చాదస్తాలు చూస్తే నవ్వొచ్చేది. నిలబడ్డ బండిని నమ్మొద్దు అనేవాడు. స్టాండు వేసిన సైకిలు వెనక కూడా రాయి పెట్టేవాడు. గ్యాసు బండ కింద చీలిక, మంచంకోళ్ల దగ్గర ముక్క, చివరికి మా రుబ్బురోలుకి కూడా ఓ చెక్క. "రోలు జగదల్‌పూర్ పారిపోతదా మామా?" అని ఆటపట్టించేదాన్ని. "పోతె నువ్వు తెస్తవా?" అని ఆ చెక్కని ఇంకాస్త లోపలికి తన్నేవాడు.

నాకు సైకిలు నేర్పింది ఆయనే. నేనిప్పుడు మా ఊరి మితానిన్‌ని. నిండు చూలాళ్లని ఆసుపత్రికి చేర్చడం, పసిపిల్లలకి టీకాలు వేయించడం నా పని. ఆ సైకిలు రాకపోతే ఈ పనీ లేదు, నా పిల్లల చదువూ లేదు. అందరూ సీటు పట్టుకొని వెనక పరిగెత్తి నేర్పుతారు. ఈయన నా ముందు వెనక్కి నడుస్తూ నేర్పాడు. "కిందికి సూడకు. నన్ను సూడు. నా ఎనక ఏమున్నదో నాకెరుకే" అనేవాడు. ఆయన మొహం చూస్తూ తొక్కాను. ఆ మొహం ముందుంటే ఎంత భయమైనా తీరేది. ఇప్పటికీ తెలియని దారిలో ఆ మొహమే వెతుక్కుంటాను.

అంత నేర్పినా ఇటు తిరుగు, అటు తిరుగు అని ఒక్కసారీ చెయ్యి ఊపలేదు. అంతా నోటితోనే. రెండు చేతులూ వీపు వెనక, ఎడమ చెయ్యి కుడి మణికట్టుని గట్టిగా పట్టుకొని ఉండేది. ఎవరినీ చెయ్యి ఊపి పిలిచేవాడు కాదు, చెయ్యి ఊపి సాగనంపేవాడు కాదు. పెళ్లి చేసుకొని బస్సెక్కిన మా చెల్లికి కూడా ఊపలేదు. నా కూతురు గుమ్మంలోంచి టాటా చెప్పీ చెప్పీ అలిగేది. పొగరని ఊళ్లో అనుకునేవారు. కారణం మా అమ్మ చెప్పాకే నాకు తెలిసింది.

ఇప్పపూలు రాలే రోజుల్లో, పొద్దున పూట, మామావాళ్లు ట్రాలీతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు. మలుపులో ఒక ముసలమ్మ నెత్తిన పూలగంపతో ఎదురొచ్చింది. మామ చెయ్యెత్తి బండి ఆపించాడు. వెనక సోపతి దిమ్మ తీసుకొని చక్రం కింద వంగాడు. ముసలమ్మ అంత పెద్ద బండిని చూసి కొండకి ఆనుకొని కొయ్యబారింది. మామ "ఇటు రా అవ్వా" అని ఆమెని పిలిచాడు, చెయ్యి ఊపి. గుడ్డ పట్టిన చేత్తో మనుషుల్ని పిలవకూడదని కళాసీలందరికీ తెలుసు. ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. డ్రైవరు తనకే అనుకొని బ్రేకు వదిలాడు. ఎత్తు మీద ఆగిన బరువు బండి ముందుకి కదిలేముందు జానెడు వెనక్కి జారుతుంది. ఆ జానెడులోనే సోపతి ఉన్నాడు. ముసలమ్మ గంప సర్దుకొని తన దారిన తాను పోయింది.

బ్రేకు లోపమని రాసుకొని పైవాళ్లు వెళ్లిపోయారు. మామని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనే కిష్టారం వెళ్లి, సోపతి భార్య ముందు వాకిట్లో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ విని లోపలికి వెళ్లిపోయింది. తరవాత ఏటా ఇప్పపూల రోజుల్లో వెళ్లడం మొదలుపెట్టాడు. వాకిట్లో ఓ మూల కూర్చునేవాడు, పొద్దు వాలకముందే లేచి వచ్చేసేవాడు. ఆవిడ మంచినీళ్లు ఇవ్వలేదు, మాట ఆడలేదు, పొమ్మనీ అనలేదు. అడవిలో తుపాకులు మోగి దారులు బాగాలేని ఏళ్లలో కూడా క్యాంపు దగ్గర ఊరూ పేరూ చెప్పుకొని వెళ్లాడు.

"ఎందుకు పోతవురా? ఆమె నీ మొఖమన్న సూడదాయె" అని అమ్మ తిట్టేది.

"సూడకపోతె ఏంది అక్కా. నేను కనపడాలె గద. ఒక్కసారి తిట్టినా సాలు, ఊపిరాడ్తది" అనేవాడు.

ఆ ఒక్క మాట కోసమే బతికాడనిపిస్తుంది నాకు. తీసిపారేయకండి, నేను కళ్లారా చూశాను. మా ఇంటి ముందు హైవే మీద పెద్ద ట్రాలీ వస్తుంటే నాకు చప్పుడు వినపడకముందే ఆయనకి తెలిసిపోయేది. తింటున్న కంచం వదిలి లేచి, రోడ్డు వైపు తిరిగి, గోడ తగిలేదాకా వెనక్కి నడిచేవాడు. లోడు వైపు చూసేవాడు కాదు. చివరి చక్రం మీదే కళ్లు. ట్రాలీ దాటిపోయాక నన్ను అడిగేవాడు, "ఎనక మనిషి లేసిండా?"

మొదట్లో "ఎవరూ లేరు మామా" అనేదాన్ని. అప్పుడు ఆయన ఆ పూట మళ్లీ కంచం ముట్టేవాడు కాదు. ఆ బాధ చూడలేక "లేసిండు మామా" అనడం నేర్చుకున్నాను. ఊ కొట్టి కూర్చునేవాడు గానీ నమ్మేవాడు కాదు. కాసేపటికి మళ్లీ అదే అడిగేవాడు. ఒక్కోసారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అడిగేవాడు. అప్పుడు నేనూ రోడ్డు వైపు చూసేదాన్ని.

ఈసారి పోవద్దని బతిమాలాను. కాళ్లలో సత్తువ లేదు. వినకుండా కర్ర పట్టుకొని జీపెక్కాడు. కర్ర వల్ల చేతులు వీపు వెనక కట్టుకోవడానికి కుదరలేదు. అలా ఆయన్ని చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

కొంటా, మరాయిగూడెం మీదుగా మేం చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. మామ అరుగు మీద స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. ఆవిడ అన్నమాట ప్రకారం పక్కనే కూర్చుని ఈగలు తోలుతోంది. ముందు ఖాళీ ఆకు ఉంది.

"వాకిట్ల కూసున్నడు, ఎప్పటిలెక్కనే" అంది ఆవిడ. "లేసి పోతాంటె కాళ్లు వణుకుతున్నయ్. నాకేమైందో బిడ్డా, ఆగుమని చెయ్యెత్తిన. ఎక్కడోడు అక్కడనే ఆగిండు. అడుగు ఎయ్యలె. నేనే రెక్క పట్టుకొచ్చి ఈడ కూసోబెట్టి అన్నం పెట్టిన. ముట్టడే! నన్నే సూస్తడు. ఎనక మనిషి లేసిండా అని అడిగిండు."

నేను ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. "నువ్వేమన్నవు పెద్దమ్మా?"

"ఏమంట? లేవలె, ఇంక లేవడన్న. నువ్వు తినమన్న."

"తిన్నడా?"

"తిన్నడు. మల్ల పెట్టించుకున్నడు. చెయ్యి కడగకముందే అట్ల స్తంభానికి ఒరిగిండు."

అప్పుడు ఏడ్చాను. ఇన్నేళ్లూ లేచాడని నేను చెబితే నమ్మని మనిషి, లేవడని ఆవిడ చెబితే నమ్మి అన్నం తిన్నాడు. ఆవిడకి దణ్ణం పెట్టాను. మామ చెయ్యి కడుగుదామని చెంబు అందుకుంటే ఆపింది. "ఉండనియ్ బిడ్డా. మా ఇంట్ల తిన్న చెయ్యి అది" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రబోరు ఇంకా కొద్ది దూరముందనగా పెద్ద ట్రాలీ ఒకటి ఎదురైంది. మా జీపు పక్కకి తీసి ఆపారు. అది మమ్మల్ని దాటేదాకా నేను వెనక చక్రం వైపే చూస్తూ ఉన్నాను. మామ కుడిచెయ్యి నా ఒళ్లో తెరుచుకొని ఉంది, వేళ్ల సందుల్లో మెతుకులు ఎండిపోయి ఉన్నాయి.