మా బావ, ఒక పెన్ను మూత

ఈమధ్య బ్రాడీపేటలో ఏ షాపుకి వెళ్ళి నొక్కే పెన్ను అడిగినా మూత పెన్నే చేతిలో పెడుతున్నారు. నొక్కేది లేదా అంటే, ఇదే బాగా రాస్తుంది సార్ అంటారు. బాగా రాయడం నాకు అక్కర్లేదు. నేను రాసేది సంతకం ఒక్కటే, అదీ ఎవరికీ అర్థం కాదు. చివరికి నాలుగో షాపులో దొరికింది. ఇంటికొచ్చి, ఓ వంతెన తాలూకు కాగితాలు ముందేసుకుని పెన్ను నొక్కగానే మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. ఎయిర్‌ఫోర్స్‌లో వారెంట్ ఆఫీసరుగా చేశాడు. ఆ హోదా ఏమిటో మా చుట్టాలకి చివరిదాకా అంతుపట్టలేదు. ఆఫీసరా అంటే కాదు, జవానా అంటే అదీ కాదు. పద్దెనిమిదో ఏట చేరి, విమానాల కడుపు కింద పడుకుని, చేతులకి నూనె మరకలతో ఒక్కో మెట్టూ ఎక్కినవాడు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఆఫీసరు హుకుం ఇస్తాడు. ఏ హుకుం ఇస్తే బాగుంటుందో మా బావ అంతకుముందే వినయంగా చెప్పి ఉంటాడు. ఓ పెళ్ళిలో మా పెదనాన్న, ఇంతకీ నువ్వు విమానం నడుపుతావా లేదా అని నిలదీశాడు. "నడపనండి. నడిపేవాళ్ళని ఆపుతాను," అన్నాడు బావ. పెదనాన్న జాలిపడి ఇంకో అరిసె వేయించాడు.

ఆ మాటకి అర్థం నాకు తెలిసింది హైవే మీద. అవసరమొస్తే యుద్ధవిమానాలు దిగడానికి మన వైపు హైవేలో కొంత మేర సిమెంటుతో గట్టిగా వేశారు కదా, దాన్ని చూసుకునే కంట్రాక్టరు దగ్గర నేను ఇంజనీరుని. విమానాలు దిగి చూసే పరీక్ష పెట్టినప్పుడు, రోడ్డు మీద ఇసుక రేణువు కూడా లేదని సంతకం చేయాల్సింది నేనే. మార్టూరు రాళ్ళ లారీలు పలుకులు రాలుస్తాయి, పత్తి లారీలు దూది రాలుస్తాయి. అందుకని మిషనుతో రెండుసార్లు ఊడిపించాను. వచ్చిన బృందంలో మా బావ ఉన్నాడు. ముందురోజు మా ఇంట్లో గోంగూర మారు వేయించుకుని తిన్న మనిషి, పొద్దున్నే "నమస్తే ఇంజనీరు గారూ" అన్నాడు. ఊడ్చింది చాలదు, నడవాలి అన్నాడు. జవాన్లు, మా కూలీలు, నేను, అందరం ఈ అంచు నుంచి ఆ అంచుకి వరసగా నిలబడి, తలలు వంచుకుని నడిచాం. రోడ్డు ఎక్కే ముందు జేబుల్లో ఏముందో చూపించాలి, రోడ్డు దిగాక మళ్ళీ చూపించాలి. దిగే విమానం ఇంజను ఎదురున్నదాన్ని గొంతులోకి లాక్కుంటుందట. గోరంత రాయి చాలట. మా కూలీ పెద్దావిడ, "మా నట్టిల్లు కూడా ఇంత ఇదిగా చూసుకోమయ్యా," అని నవ్వింది. నేనూ నవ్వాను.

నడక అయ్యాక రోడ్డు మీదే జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను. ఇంజనీరుని కాబట్టి జీపులోనే బయటికొచ్చాను, కాబట్టి నా జేబులు ఎవరూ చూడలేదు. షామియానా కింద పెద్దవాళ్ళందరూ కూర్చున్నారు. విమానాలు బయలుదేరాయని మైకులో చెప్పారు. అప్పుడు జేబు తడుముకుంటే పెన్ను ఉంది, మూత లేదు.

సంతకం చేసేటప్పుడు మూత పళ్ళ మధ్య పెట్టుకోవడం నాకు అలవాటు. మధ్యలో ఎవరో పిలిస్తే ఆఁ అన్నాను. ఆ ఆఁ లోనే పడి ఉండాలి. లేకపోతే జీపులో పడి ఉండొచ్చు. జీపులోనే పడిందని నమ్మడానికి చాలా కృషి చేశాను. చెబితే ఇంతమంది ముందు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, ఆ విమానంలో ఒక మనిషి ఉన్నాడు. చలికాలపు ఎండలో చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాళ్ళు బావ వైపు నడిచాయి. నేను నడిపించానని చెప్పుకోను.

"బావా, పెన్ను మూత పడిపోయింది."

"ఎక్కడ?"

"తెలీదు."

తిట్టలేదు. మొహం కూడా మారలేదు, దానికే ఎక్కువ భయమేసింది. కొడుకు వయసున్న ఆఫీసరు ముందు నిలబడి సెల్యూట్ చేసి హిందీలో నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ అబ్బాయి ఎందుకు అని అడగలేదు, షామియానా వైపు చూడలేదు. రేడియో అందుకున్నాడు. చెవులు చిల్లులుపడే చప్పుడుతో కిందికి వస్తున్న రెండు విమానాలూ ముక్కు పైకెత్తి, మా నెత్తిమీదుగా వాడరేవు సముద్రం వైపు వెళ్ళిపోయాయి. మళ్ళీ వరస కట్టి నడిచాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. రోడ్డు మీద రెండు సిమెంటు పలకల మధ్య సందులో నీలం మూత దొరికింది ఆ పెద్దావిడకే. "దీనికా అయ్యా, అంత పెద్దవాటిని ఆపింది?" అంది. తర్వాత విమానాలు వచ్చి, రోడ్డుని తాకి, లేచిపోయాయి. అందరూ ఆకాశం చూశారు. నేను రోడ్డు చూశాను. రిపోర్టులో నా పేరు రాలేదు. ఎవరి వల్లో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బావ రిటైరై చీరాలలో ఉంటున్నాడు. ఏళ్ళు గడిస్తే భయాలు తగ్గుతాయంటారు. నాకు మాత్రం భయం అలాగే ఉంది, దాన్ని చూసి నడిచే కాళ్ళే బద్ధకించాయి. వంతెన గట్టిగా ఉందని నేను సంతకం చేసి పంపాల్సిన ఈ కాగితాలు రేపటికి వెళ్ళాలి. వంతెన దగ్గర్నుంచి మా ఆఫీసు కుర్రాళ్ళు పంపిన ఫొటోలు ఫోనులో ఉన్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. సంతకానికి ముందు ఊరికే బావకి ఫోన్ చేశాను. అక్క మోకాళ్ళు, చేపల రేట్లు అయ్యాక, వంతెన కాగితం మీద సంతకం పెడుతున్నానని గొప్పగా చెప్పాను.

ఆయన ఒక్కటే అడిగాడు.

"ఏరా, దాని మీద నడిచావా?"