మా మేనత్త మెదడును తిరగేసిన వైనం

లేని జబ్బును మనిషి నెత్తిన పెట్టాలంటే డాక్టరై ఉండాలని మీరనుకుంటే పొరపాటు. స్టాటిస్టిక్స్ చదివితే చాలు. నేను చదివాను. చదివి, కోరుట్లలో బీడీలు చుట్టుకుంటూ నిక్షేపంగా ఉన్న మా మేనత్త చంద్రవ్వను నాలుగు రోజులు చావుకు సిద్ధం చేశాను. మందూ లేదు, మాకూ లేదు. ఒక కంప్యూటరూ, దాని ముందు ఇరవై నాలుగేళ్ళ నేనూ.

అప్పట్లో హైదరాబాదులో మెదడు బొమ్మల లెక్కలు నేర్చుకుంటున్నాను. మనిషిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి కాసేపు వేళ్ళు ఆడించమంటారు, కాసేపు ఆపమంటారు. యంత్రం మెదడును లక్ష చిన్న గడులుగా చేసి చూపిస్తుంది. వేళ్ళు ఆడినప్పటికీ ఆగినప్పటికీ ఒక్కో గడిలో తేడా నిజంగా ఉందా, గాలివాటుగా వచ్చిందా అని పరీక్షించాలి. లక్ష గడులంటే తేడా ఉన్నట్టు ఉత్తపుణ్యానికి చుక్కల్లా వెలిగేవే వేలల్లో ఉంటాయి. అందుకే మా మేడం మొదటి రోజే చెప్పింది, "ఈ పనిలో ప్రతి చుక్కనీ అనుమానించాలి" అని. మిగతా చదువు నాకు నెలల తరబడి ఎక్కలేదు గాని అనుమానం మాత్రం ఆ పూటే ఎక్కింది. క్యాంటీన్‌లో ఇడ్లీ మెత్తగా ఉన్నా నమ్మకుండా ఇంకో రెండు తిని చూసేవాణ్ణి.

ఏళ్ళ తరబడి బీడీలు చుట్టే వేళ్ళకు మెదడులో ఎంత చోటుంటుందో చూడాలని మేడం తలపెట్టింది. తొలి మనిషిగా మా అత్తను తీసుకొచ్చాను. ఆవిడ బాగుందంటే వాడకట్టులో ఇంకో పదిమంది ఆడవాళ్ళు వస్తామన్నారు. వాళ్ళు రాకపోతే నా చదువు అక్కడే ఆగుతుంది.

అత్త యంత్రంలో పడుకుంది, చెప్పినట్టు కుడి చేతి వేళ్ళు ఆడించింది, లేచి ఊరికి పోయింది. నేను బొమ్మ తెరిచాను. తలకు ఎడమ పక్కన 'కుడి' అని గుర్తుంది!

నేను సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. బట్ట నేసే ఆ సాంచాకు కుడి పక్క అంటే దాని ముందు నిలబడ్డ మనిషికి కుడి పక్క. సాంచాకు సొంతంగా కుడీ ఎడమా ఉండవు. కాబట్టి నా కుడి పక్క ఉండాల్సిన గుర్తు ఎడమ పక్కకు వచ్చిందంటే టెక్నీషియన్ టీ మీద ధ్యాసలో తప్పు పెట్టి ఉంటాడు. పాపం అనుకుని గుర్తును కుడి పక్కకు మార్చి, బొమ్మ కుడి ఎడమలను అడ్డంగా తిప్పేశాను. ఇంత చిన్న దిద్దుబాటుకు ఒకరికి చెప్పుకోవడమేమిటని మేడంకు కూడా చెప్పలేదు. అదీ నా గొప్పతనం.

కుడి చెయ్యి ఆడిస్తే మెదడులో ఎడమ పక్క వెలగాలి. మేడం సిద్ధం చేసి ఇచ్చిన పాత బొమ్మలన్నిటిలో అలాగే వెలిగింది. మా అత్తకు మాత్రం కుడి పక్క వెలిగింది.

మేడం చూసి, "అవుట్‌లయర్. గుంపులో కలవని మనిషి. తీసేసే ముందు ఎందుకిలా వచ్చిందో కనుక్కో" అంది.

అంటే నా పని మళ్ళీ ఒకసారి చూసుకోమని. నేను కోరుట్ల బస్సెక్కాను.

జగిత్యాల దాటేసరికి నేరస్థురాలు ఎవరో తేలిపోయింది. మా అత్త పుట్టుకతో ఎడమ చేతివాటం మనిషి. చిన్నప్పటి నుంచి దాచిపెట్టింది. యంత్రంలో ఎవరూ చూడటం లేదని ఎడమ చెయ్యి ఆడించింది!

అత్త గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే తునికాకు కత్తిరిస్తోంది.

"చెప్పకుండ అచ్చినవేందిరా అల్లుడా?"

"ఊకెనే అత్తమ్మా, నిన్ను చూద్దామని."

ఊకెనే వచ్చినవాడు రెప్ప వెయ్యకుండా చేతుల వంక చూస్తాడా? చూశాను. ఏ చేత్తో అన్నం కలుపుతుంది, ఏ చేత్తో తలుపు తీస్తుంది, అంతా నోటుబుక్కులో రెండు గళ్ళు గీసి కుడి, ఎడమ అని గుర్తులు పెట్టాను. ఉన్నట్టుండి నిమ్మకాయ విసిరాను, ఏ చేత్తో పడుతుందోనని. ఆవిడ కొంగు చాపి పట్టింది. ఆ గుర్తు ఏ గడిలో వెయ్యాలో తెలియక అరగంట మథనపడ్డాను.

రెండో రోజుకు అత్తకూ అనుమానం పట్టుకుంది.

"నేనేం జేసినా రాసుకుంటున్నవ్. ఏందిరా అది?"

"ఏం లేదు. అత్తమ్మా, మిషిన్ల పన్నప్పుడు నిజంగ కుడి చెయ్యే ఆడిచ్చినవా?"

"నీ మీద ఒట్టు."

"ఎడమ చెయ్యి అస్సలు కదల్లే?"

ఆవిడ కత్తెర కింద పెట్టింది. "నా తలకాయల ఏమున్నదిరా?"

"ఏం లేదంటున్న గదా!"

"ఏం లేకుంటే గంత దూరం నుంచి గిదడగనీకి అస్తవా? నిజం చెప్పు."

"అందరికి ఎడమ దిక్కు ఉండేది నీకు కుడి దిక్కున్నది, గంతే."

గంతే అన్నాను. చూశారా నా తెలివి!

సాయంత్రానికి వాడకట్టంతా తెలిసింది. మొదటి ఇంట్లో 'చంద్రవ్వ మెదడు పక్కకు జరిగింది', చివరి ఇంటికి చేరేసరికి 'మెదడు తిరగబడ్డది, ఇగ లాభం లేదు'. ఆడవాళ్ళు అరటిపండ్లు పట్టుకుని వచ్చి అత్తను చూసి కళ్ళొత్తుకున్నారు. స్కానింగుకు వస్తామన్న పదిమందీ నన్ను చూడగానే కొంగులు తలమీదికి లాక్కున్నారు. "మా తలకాయలు మాకుండనియ్యి బిడ్డా" అంది వాళ్ళలో పెద్దామె. అత్త కొడుకు, మా బావ, జగిత్యాలలో తల డాక్టరుకు చూపించడానికి తయారయ్యాడు. సిరిసిల్ల నుంచి మా నాయన ఫోను.

"మా అక్కకేమైందిరా?"

"ఏం కాలేదు బాపూ."

"మరి ఆమెందుకేడుస్తున్నది?"

మూడో రోజు పొద్దున, పెళ్ళయినప్పటి నుంచి ఎవరినీ ముట్టనివ్వని బీరువా తాళాలు తీసి అత్త తన కోడలు లావణ్య చేతిలో పెట్టింది. "ఇగ నువ్వే చూసుకోవాలె బిడ్డా" అంది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు. లావణ్య అక్క అందరికంటే గట్టిగా ఏడ్చింది, ఏడుస్తూనే తాళాలు బొడ్లో దోపుకుంది. నేను మాత్రం నోటుబుక్కు మూయలేదు. తాళాలు కుడి చేత్తోనే ఇచ్చింది, రాసుకున్నాను.

నాలుగో రోజు పక్కింటి కొత్త కోడలు బీడీలు చుట్టడం నేర్చుకుంటానని వచ్చి అత్తకు ఎదురుగా కూర్చుంది. చావు ముందున్నా పని నేర్పడం మానలేదు మా అత్త.

"ఎదురుంగ కూసోకు పిల్లా. ఎదురుంగ కూసుంటే నా కుడి చెయ్యి నీకు ఎడమ దిక్కు కనబడ్తది, అంత ఉల్టా చుడ్తవ్. నా పక్కకు రా."

నోటుబుక్కు మూసేశాను. బొమ్మలో తల నాకు ఎదురుగా ఉంది! సాంచా కాదు, మనిషి. మనిషికి సొంత కుడి ఎడమలుంటాయి!

వీధిలోకి పరుగెత్తి మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, బొమ్మలో ఎడమ పక్కన కుడి అని గుర్తుంటే..."

"అలాగే ఉండాలి. ఎదురుగా ఉన్న మనిషిని చూసినట్టు చూడాలి. ఏం, ఎవరైనా తిప్పారా?"

టెక్నీషియన్ టీ సంగతి ఎత్తాను. ఆవిడకు అర్థమైంది.

"సరే, మళ్ళీ తిప్పు. ఎవరికీ చెప్పలేదు కదా?"

"కోరుట్ల, సిరిసిల్ల దాటలేదు మేడం."

లోపలికి వచ్చి, ఆ రోజూ పరామర్శకు వచ్చి కూర్చున్న ఆడవాళ్ళందరి ముందు అత్త కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నాలుగు రోజుల్లో ఆవిడ మొహం ఎంత పీక్కుపోయిందో అప్పుడు చూశాను. అప్పటిదాకా చేతులు తప్ప ఏమీ చూడలేదు మరి. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"అత్తమ్మా, నీకేం లేదు. బొమ్మను నేనే ఉల్టా చేసిన."

"ఏం లేదా? నా మెదడు సక్కగనే ఉన్నదా?"

"అందరి లెక్కనే ఉన్నది. తప్పు నాదే."

అత్త చాటతో నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఏ చేత్తో వేసిందో నేను చూడలేదు. పదిమంది ఆడవాళ్ళూ నవ్వి, స్కానింగుకు వస్తామని ఒప్పుకున్నారు, అయితే ఒక షరతు మీద: కంప్యూటర్ను నేను ముట్టుకోకూడదు.

అత్త కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "లావణ్యా, తాళాలు తే."

లావణ్య అక్క బొడ్లోంచి తాళాలు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తీసింది. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది:

"తమ్మీ, గా బొమ్మను ఇంకొక్కసారి మంచిగ చూడరాదు?"

ఆ రోజు కోరుట్ల బస్టాండులో నిలబడి, నేర్చుకున్న లెక్కలన్నిటి మీదా ఒట్టేశాను: ఇక జన్మలో ఎవరి మెదడునూ అడ్డంగా గాని నిలువుగా గాని తిప్పను. ఒకవేళ తిప్పినా, ఆ ముక్క ఏ అత్తగారితోనూ అనను. మరీ ముఖ్యంగా, కోడలు వింటుండగా అసలే అనను.