మా ఇంటి సూది

నేను చేసిన తప్పు దాచిపెట్టి ఈ సంగతి చెబితే అది అబద్ధమే అవుతుంది. అందుకే ముందుగా దాన్నే చెప్పేస్తాను.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో హెపటైటిస్ సి వైరస్ మీద పనిచేస్తున్నాను. అది రక్తం నుంచి రక్తానికి పాకే వైరస్. ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యదు. మనిషికి తెలిసేసరికి కాలేయం సగం పాడై ఉంటుంది. నందికొండ దారిలో ఉన్న ఒక నేతగాళ్ల ఊరి నుంచి నల్గొండ దవాఖానకు ఈ కేసులు వరసగా వస్తున్నాయంటే, ఎట్లా పాకుతోందో తేల్చడానికి మేము ముగ్గురం ఆ ఊరికి వెళ్లాం. నేనూ ఆ జిల్లా నేతింటి పిల్లనే. ఈ ఊళ్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా అన్న పొగరు నాకు ఉండేది.

ఒక ఇంటి అరుగు మీద బల్ల వేసుకుని, వేలి కొసన చుక్క రక్తం తీసి పరీక్ష చేస్తున్నాం. చిన్న పట్టీ మీద ఒక గీత వస్తే ఏమీ లేనట్టు, రెండొస్తే అనుమానం ఉన్నట్టు. ఫలితాన్ని మనిషిని లోపలికి పిలిచి, తలుపు వేసి, ఒక్కరికే చెప్పాలన్నది మా నియమం. ఆ నియమాన్ని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది కూడా నేనే. కానీ అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది, ఆకలి దంచేస్తోంది, అరుగు కింద ఇంకా పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆ ఇంటి కోడలి పట్టీ మీద రెండో గీత కనబడింది. పాతికేళ్లు కూడా లేని పిల్ల, పెళ్లయి రెండేళ్లు. నేను తలెత్తకుండానే, "చెల్లె, నీకు ఉన్నట్టు చూపిస్తాంది. రేపు నల్గొండకు రావాలె" అన్నాను. అందరూ విన్నారు.

ఆ పిల్ల మొగుడి పట్టీ మీద ఒకటే గీత వచ్చింది. సూది చూడగానే చెమటలు పట్టి గోడకు చేరగిలబడిన ఆరడుగుల మనిషి. అతన్ని చూసి మేం నవ్వుకున్నాం కూడా.

నాలుగు రోజులకు కోడలు ఫోన్ చేసింది. నల్గొండలో చేసిన పెద్ద పరీక్షలో కూడా ఆమెకు వైరస్ ఉందనే తేలింది. "మేడం, మొగనికి లేదు, పెండ్లానికి ఉన్నది, యాడికెల్లి తెచ్చుకున్నదో అని ఊరంత అంటున్నరు. ఆదివారం కులపెద్దలు కూసుంటున్నరు. నన్ను మా అవ్వగారింటికి తోలేస్తరంట. మీరు పెట్టిన మాటనే గదా. మీరే వచ్చి చెప్పుండ్రి."

ఆదివారానికి ముందే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున్నే ఆ ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను. కొడుకు మగ్గం మీద ఉన్నాడు. కోడలు నన్ను చూసి పలకరించకుండా లోపలికి పోయింది. అత్త గోడ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. యాభై ఐదేళ్లుంటాయేమో, మోకాళ్లు ఉబ్బి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఆ నడకలు, ఆ మెడలు నాకు కొత్త కాదు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి గానీ, ముప్పై నలభై ఏళ్లు బోరునీళ్ల ఫ్లోరిన్ తాగిన ఎముకలు మళ్లీ మామూలుగా అవుతాయా?

"మా ఇంట్ల ఎవ్వరికీ లేదు గా రోగం" అంది ఆమె, నేను నోరు తెరవకముందే.

"మీది చూడలే గదా అమ్మా."

"నాకేం ఖర్మ? నేను గడప దాటి ఎరుగ."

మా ప్రయోగశాలలో ఎవరికీ అంతుబట్టని సంగతి ఒకటుంది. ఊరికంతటికీ సూది వేసేది ఒక్క ఆరెంపీ డాక్టరే. అతని సూదుల వల్లే అయితే ఊరంతా చెదురుమదురుగా ఉండాలి. అట్లా లేదు. ఒక ఇంట్లో ముగ్గురికి ఉంటుంది, గోడ అవతలి ఇంట్లో ఒక్కరికీ ఉండదు. ఏం అడగాలో తెలియక, ఆమెను కొంచెం నవ్విద్దామని, "మీ కొడుకు సూదిని చూసి బగ్గ భయపడ్డడు గదమ్మా" అన్నాను.

"వాడా? చిన్నప్పటి సంది గంతే. జరమొచ్చినా గోలీలే మింగుతడు. నాకైతే వారానికోటి పడాలె, లేకుంటే ఈ మోకాళ్లు లేస్తయా?"

"డాక్టరు కొత్త సూది తెస్తడా?"

ఆమెకు కోపం వచ్చింది. "ఆయన సంచిల సూది మాకెందుకు? ఎవరెవరికి పొడిచిందో ఏమో. సూదులతోని రోగాలొస్తయని గోడల మీద రాసిన్నాటి సంది ఎవరింటి సూది వాళ్లకే. మా ఇంటి సూది మాకున్నది." గోడలోని గూటి వైపు చూపించింది. అక్కడ చిన్న స్టీలు డబ్బా. మూత తీస్తే తెల్లటి గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ సిరంజీ, రెండు సూదులు. వేసిన ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి పెడతారట.

"కోడలికి ఎప్పుడన్న ఇప్పిచ్చిన్రా?"

"పోయినేడు టైఫాయిడు వస్తే పది దినాలు ఇప్పిచ్చిన. డాక్టరు తన సూదే వేస్తనన్నడు, నేనే వద్దన్న. పరాయి పిల్ల అనుకోలే. నా బిడ్డ లెక్క, మా ఇంటి సూదితోనే వేయించిన."

మొగుడికి ఎందుకు లేదో, గోడ అవతలి ఇంటికి ఎందుకు పాకలేదో అంతా అర్థమైంది. వేడినీళ్లకు ఈ వైరస్ పూర్తిగా చావదని, అయినవాళ్ల రక్తమైనా రక్తమేనని నెమ్మదిగా చెప్పాను. ఆమె రాట్నం ఆపి విన్నది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"మీ ఇంట్ల లేకుండెనా గిసోంటి డబ్బా?"

ఉండేది. నన్ను కన్న మా అవ్వకు కూడా ఇవే నొప్పులు. గాజు సిరంజీని మరిగించే పని నాదే. జ్వరమొస్తే నాకు వేసింది కూడా దాంతోనే.

"మరి నీది చూపిచ్చుకున్నవా?"

లేదు. ఇన్నేళ్లు ఈ వైరస్‌తో పనిచేస్తూ ఊళ్లకు ఊళ్ల రక్తం చూశాను గానీ, నా రక్తం చూసుకోలేదు. తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి భయం. ఇక తప్పించుకునే దారి లేక, సంచీలోంచి పట్టీ తీసి నా వేలికి నేనే పొడుచుకున్నాను. ఇరవై నిమిషాలు ఆగాలి. ఆమె మళ్లీ కండెలు చుట్టడం మొదలుపెట్టింది. నేను పట్టీ వంక చూడలేక రాట్నం వంక చూస్తూ కూర్చున్నాను. మా అవ్వ చివరి రోజుల్లో ఉబ్బిన పొట్ట గుర్తొచ్చింది.

ఒకటే గీత. సంబరపడ్డాను, వెంటనే సిగ్గేసింది కూడా. ఆమె తన చెయ్యి చాపింది.

ఈసారి లేచి తలుపు వేశాను. పది నిమిషాలైనా కాకముందే ఆమె పట్టీ మీద రెండో గీత తేలింది.

"నాకెల్లే పోయిందా పిల్లకు?"

"గది చెప్పలేనమ్మా. ఒక్క సూది ఇద్దరికి వాడిన్రు, గంతవరకే చెప్పగలను. దీనికి మందున్నది. మూడు నెలలు గోలీలు మింగితే చానమందికి పోతది."

"రేపు పెద్దమనుషుల ముంగట చెప్తవా నా సంగతి?"

చెప్పాలనే ఉంది, ఒక్క మాటతో ఆ పిల్ల బయటపడుతుంది. కానీ అదే అరుగు మీద అదే తప్పు ఒకసారి చేసి ఉన్నాను. "మీ రక్తం సంగతి మీరే చెప్పాలె. మీరు వద్దంటే నేను నోరు తెర్వ" అన్నాను. ఆమె మళ్లీ కండె అందుకుంది.

ఆదివారం సంఘం గదిలో కులపెద్దలు కూర్చున్నారు. కోడలి అన్న ఆటో తెచ్చి బయట నిలబెట్టాడు. ఆ పిల్ల కాళ్ల దగ్గర బట్టల బ్యాగు. ఇది తాకితే రాదని, ఒక్క కంచంలో తింటే రాదని, ఏ తప్పూ చెయ్యనివాళ్లకు కూడా సూదులతో వస్తుందని చెప్పాను.

"గట్లయితే ఆ ఇంట్ల ఇంకెవరికి లేదెందుకు? ఏ సూదితోని వచ్చింది?" అన్నాడు ఒక పెద్దమనిషి.

అత్త వంక చూశాను. ఆమె నేల వంక చూస్తోంది. నోట్లో మాట ఉంచుకుని ఊరుకోవడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

"మేడంకే తెల్వదు. ఇగ మనకేం తెలుస్తది?" అంటూ ఆయన కోడలి అన్న వైపు చెయ్యి ఊపాడు. ఆ అబ్బాయి వంగి బ్యాగు ఎత్తాడు. కోడలు లేచి నిలబడింది. నేను కూడా లేచాను, ఇంకొక్క క్షణం అయితే చెప్పేసేదాన్నే.

"బ్యాగు కింద పెట్టు బిడ్డా."

అత్త గోడ పట్టుకుని మెల్లగా లేచింది. కొంగులోంచి స్టీలు డబ్బా తీసి పెద్దమనుషుల ముందు పెట్టింది.

"ఈ సూదితోని. ఇది నాది. నాకు గూడ ఉన్నది గా రోగం. పిల్లకు నేనే ఏపిచ్చిన. దాన్ని తోలేటట్టయితే నన్ను గూడ తోలుండ్రి. మా అవ్వగారింట్ల ఎవ్వరు లేరు. నన్ను ఏ ఊరికి తోలుతరో మీరే చెప్పుండ్రి."

పెద్దమనుషులు ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ పిల్ల అన్న ఆటోను ఖాళీగా తిప్పుకుపోయాడు.

గుమ్మం దగ్గర కోడలు నా ముందు ఆగింది. "అత్తమ్మకు తెల్వదు మేడం. తెల్వక, బిడ్డ అనుకొని ఏపిచ్చింది. మీకు అన్ని తెలుసు గదా. అరుగు మీద అంతమంది ముంగట ఎట్ల చెప్పిన్రు?"

ఆమె అత్త చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

కొన్నాళ్లకు వైరస్ జన్యువుల పోలిక వచ్చింది. అత్తదీ కోడలిదీ ఒకే కుండలో రంగు వేసిన నూలులా ఉన్నాయి. అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ ఆ రుజువు అవసరం లేకపోయింది.

ఇద్దరూ గోలీలు పూర్తి చేసి, ఇంకో మూడు నెలలు ఆగి, ఆఖరి పరీక్షకు నల్గొండ వచ్చారు. ఫలితాలు నా చేతిలోనే ఉన్నాయి. కోడలిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, తలుపు వేసి, గడియ కూడా పెట్టాను. నీకు పోయింది చెల్లె అని చెప్పాను. ఆమె మొహం నవ్వుతో నిండింది. మరుక్షణం తనే లేచి గడియ తీసింది.

"అత్తమ్మ అక్కడ ఒక్కతే కూసున్నది మేడం. ఆమెది ఆమెకు చెప్పుండ్రి, నేను బయట ఉంట."

బయటి బెంచీ మీద నుంచి అత్త మా మాట విన్నది. "నువ్వెందుకు పోతవే? ఇద్దరం ఒక్కతాననే కూసోని ఇంటం" అంటూ, గోడ పట్టుకోకుండా కోడలి భుజం పట్టుకుని లోపలికి వచ్చింది.