ఎర్సీలియా మోకా

కొండమీది ఊరు రోక్కామారాలో ఎక్కడికి వెళ్లాలన్నా ఎక్కాలి, లేదంటే దిగాలి. మార్లిస్ కెనడాలో గోధుమచేల మధ్య పెరిగిన పిల్ల. వాళ్ల ఊళ్లో ఎత్తంటే ధాన్యం గోదామే. చదువుకోవడానికి వచ్చిన మొదటి వారమంతా పిక్కలు పట్టేసి, తను గది తీసుకున్న ఇంటి మెట్ల మీదే కూలబడేది.

"లే పిల్లా, లే! ముసలిదాన్ని నేనెక్కట్లా? ఆ కాళ్లేమైనా అద్దెకు తెచ్చుకున్నావా?" అని పైనుంచి కేకేసేది ఇంటావిడ ఎర్సీలియా.

ఆవిడ నోరు అలాంటిది, మనసు మాత్రం వెన్న. అద్దెలో తిండి మాట లేకపోయినా రోజూ చిక్కుడుగింజల సూపు మార్లిస్ ముందుకొచ్చేది. జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసి పక్కనే కూర్చుంది. చలి మొదలవగానే, పోయిన భర్త దుయీలియో ఉన్ని కోటు తీసి ఇచ్చింది. కాఫీ ఒక్కటే ఎవరికీ పోసేది కాదు. తనే కాచుకుని, తనొక్కతే తాగేది. నూలుమిల్లులో నలుగురి మధ్య బతికిన మనిషి, భర్త పోయిన ఈ నాలుగేళ్లలో ఇరుగుపొరుగును గుమ్మం దాటి రానివ్వలేదు.

ఈ రుణం ఎలా తీర్చుకోవాలా అని మార్లిస్ ఆలోచించింది. ఆదివారం ఎర్సీలియా చర్చికి వెళ్లగానే వంటిల్లు కడగడం మొదలుపెట్టింది. పొయ్యి మీద మోకా కనిపించింది. నడుం సన్నగా ఉండే ఆ కాఫీపాత్ర లోపలంతా నల్లగా అట్టకట్టి ఉంది. సబ్బూ ఇనుప పీచూ పట్టి, చేతులు నొప్పెట్టేదాకా తోమి తళతళలాడించింది.

ఎర్సీలియా వచ్చి మూత తీసి వాసన చూసింది.

"ఆయన మా పెళ్లయిన ఏడాది కొన్నాడు. ఒట్టి నీళ్లతో కడగడమే. సబ్బన్నది తగల్లేదు" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మార్లిస్ కింద రొట్టెల కొట్టుకు పరుగెత్తి, కొట్టు నడిపే ఇవానాకు చెప్పింది. ఇవానా నెత్తి కొట్టుకుంది.

"సబ్బుతోనా! ఓరి దేవుడా! ఆ అట్టేనమ్మా కాఫీకి రుచి! మా అత్త పోతూ పోతూ ఇల్లు మా మరిదికిచ్చి, మోకా నాకిచ్చింది. నేనే గెలిచాననుకున్నా."

"నన్ను ఉండనిస్తారంటారా?"

"ఏమో తల్లీ. ఇంతకుముందు ఒకమ్మాయి పిల్లిని తెచ్చిందని ఆ పూటే పంపేసింది."

చదువుల కాలంలో ఆ ఊళ్లో ఇంకో గది దొరకదు. అంతకన్నా, తనను కన్నకూతురిలా చూసుకున్న మనిషిని ఏడిపించానన్న బాధే మార్లిస్‌ను తినేసింది. పొమ్మనేలోగా తనే పోవడం మర్యాదనుకుని పెట్టె సర్దింది.

ఎర్సీలియా బయటికి వచ్చి పెట్టెను చూసింది.

"పొమ్మన్నప్పుడు పోదువుగాని. ముందు కాఫీపొడెయ్యి. సబ్బు వాసన పోయేదాకా కాచి పారబొయ్యాలి."

మొదటిసారి కాచింది పారబోశారు. రెండోసారి ఎర్సీలియాకు చెయ్యి రాలేదు. మిల్లు కూలితో ఇల్లు నడిపిన మనిషి, కాఫీ తూములో ఎలా పోస్తుంది? కిటికీ తెరిచింది.

"ఇవానా! నీ మొగుణ్ణి కూడా లాక్కురా. కాఫీ తాగుదురుగాని!"

వీధంతా తలెత్తి చూసింది. ఇవానా మొగుడు పిండి చేతులతోనే వచ్చి ఒక గుక్క తాగాడు. మొహం వంకర్లు పోయింది.

"పెద్దమ్మా, ఇది తాగితే కడుపులో చొక్కా ఉన్నా తెల్లబడుద్ది."

ఎర్సీలియా పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాలుగేళ్లుగా ఆయన కాఫీ నేనొక్కదాన్నే తాగానే పిల్లా" అంది మార్లిస్‌తో. "నిజం చెప్పనా? ఒక్కరోజు కూడా రుచించలేదు."

మార్లిస్ ఆవిడను కావలించుకుని, థాంక్స్ చెప్పబోయి ఏడ్చేసింది.

"ఏడుపులాపు. రేపు ఇంకో ఆరుగురిని పిలుస్తున్నా. ఆ పెట్టె లోపల పెట్టొచ్చి కప్పులు కడుగు" అంది ఎర్సీలియా. "కప్పులకైతే సబ్బేసుకో."