అక్క పల్లు మళ్ళీ తెరవాలన్నాడు డాక్టరు

ఒక అబద్ధం చెప్పినా. పెద్దదేం కాదు, రెండు మాటలది. దాన్ని మోస్తా మోస్తానే ముసలోణ్ణయిపోయినా. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతాండా. అక్షరాలు నాకు యాభై దాటినాక వచ్చినాయి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా అక్క మొగుడు పోయినాక దిబ్బూరహళ్ళిలో మా ఇంటికే వచ్చేసింది. మాది రేష్మె పని, పట్టు పురుగులు మేపేది ఆమే. ఒకసారి ఆమెకు దవడ పల్లు నొప్పి పుట్టింది. చింతామణిలో బెంగుళూరులో చదివొచ్చిన పల్ల డాక్టరు ఉండె. పల్లు పీకకుండా లోపలికి తొవ్వి, చెడిన నరం తీసి, వేర్లు కడిగి, మూసినాడు. బాగయింది. అయితే ఆ మందు వాసన నోట్లోంచి పోలేదు. పురుగులకు ఘాటు వాసన పడదు. పొగాకు నమిలే నోరుంటే మనిషిని పురుగుల గదిలోకే రానియ్యం. అక్కను వాసన పోయేదాకా బయట కూసోబెట్టి నా పెండ్లాంతో మేపించినా. ఆమెకు ఆ పనిలో చెయ్యి తిరగక పంట సగం పోయింది. నాకు కోపమొచ్చింది. ఎవరి మీద? పల్లు మీదనా? అక్క మీదనే.

మరుసటేడు అదే పల్లు నొప్పి మళ్ళీ లేచింది. పురుగులు ఆఖరి జ్వరం, అంటే మేత మాని పొర విడిచేది, దాటి, రేయీ పగలూ ఆకు మేసే సమయం. నేనొక్కణ్ణే చింతామణికి పోయి డాక్టరును అడిగినా.

"లోపల ఏదో వేరు సరిగా కడగకుండా నిలిచిపోయుంటుందప్పా. మళ్ళీ తెరిచి, పాత మందు తీసి, కడిగి మూయాల. బిరీన పిలుచుకొని రా. చీము గొంతులోకి దిగితే కష్టం" అన్నాడు.

బస్సులో నాకు నేనే చెప్పుకొన్నా: ఇంకో వారానికి పురుగు గూడు కట్టేస్తుంది, అంతవరకే కదా.

అక్క గడపలోనే అడిగింది. "ఏమన్నాడ్రా?"

"ఒకసారి నరం తీసినాక మళ్ళీ తెరిచేదానికి కాదంట. సచ్చిన పల్లు నొయ్యదంట. నీదంతా అనుమానమంట."

వాచిన దవడ పట్టుకొని నవ్వింది. "సచ్చినోళ్ళతో బాధ లేదని యాడ చదివినాడ్రా ఆ డాక్టరు? మీ బావ సచ్చి ఇన్నేండ్లయినా కలలోకొచ్చి కాళ్ళు పట్టమంటాండాడు. పోనీలే, ఆకు తే. పురుగు ఆకలిగా ఉండాది."

తమ్ముడు చెప్పినాడని నమ్మింది. పురుగులకు పడదని లవంగం నూనె గూడా పెట్టుకోలేదు.

పురుగు గూడు కట్టే నాటికి వాపు గొంతు కిందికి దిగింది. నీళ్ళు మింగలేకపోయింది. అప్పుడు బండి కట్టినా. దారిలోనే ఊపిరాడక నా ఒళ్ళో పోయింది.

ఊళ్ళో విషజ్వరమని చెప్పినా. గూళ్ళు ఆ ఏడు బాగా వచ్చినాయి. "మీ అక్క చేతి గుణమప్పా" అన్నారు. నేను ఏడిస్తే అక్క కోసమనుకొన్నారు. అక్క కోసమే ఏడ్చినానా, బయటపడతానని భయపడి ఏడ్చినానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతాండా. నిజం చెప్పినా ఆమే "పురుగు కట్టనీరా, తర్వాత పోదాం" అనేదేమో అని ఒక్కోసారి అనుకొంటా. అదీ నేను నిద్ర కోసం అల్లుకొన్నదే, ఎందుకంటే ఆ మాట అనే అదను ఆమెకు లేకుండా చేసింది నేనే.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. డాక్టరు పిలుచుకొని రమ్మన్నాడు. కుదరదన్నాడని నేను చెప్పినా. ఇంతే.

రాసేసినా. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడతాండాది. అది గూడా నాకు సిగ్గుగానే ఉండాది.