మైకు బాబాయి నిచ్చెన

బావమరిది ఆ నిచ్చెన తిరిగిచ్చాడా, లేదా? లైబ్రేరియనమ్మ తలలో గడ్డ గురించి డాక్టర్లు అన్నీ తేల్చారు గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

అంతా మైకు బాబాయి మతిమరుపు వల్ల వచ్చింది. కత్తి పెట్టకుండా కిరణాలతోనే గడ్డల పని పట్టే ఆ క్లినిక్‌లో మిషన్ నడిపేది ఆయనే. పనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు. మైకు కట్టేయడం మాత్రం ఏనాడూ గుర్తుండదు. బయటి గదిలో ఆయన చెప్పు తెగినా, పన్ను కదిలినా, లోపల పడుకున్న పేషెంటుకి తెలియాల్సిందే.

లైబ్రేరియనమ్మ ఉద్యోగమంతా "ష్!" అనడంతోనే గడిచింది. ఆవిడ చూస్తే ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించేవట. చెవి నరం మీద గడ్డ లేచి, కుడి చెవి మందగించింది. అలాంటి మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ముఖానికి అచ్చుగా చేసిన ప్లాస్టిక్ వల బిగించి, మందపాటి తలుపు మూసేసరికి, ఆ నిశ్శబ్దానికే బెదిరిపోయింది. చేతులు ఊపేసింది. మిషన్ ఆపేశారు.

"కదిలితే కుదరదమ్మా," అన్నాడు డాక్టరు. "రేపూ ఇంతే అయితే, తల తెరిచే ఆపరేషనే దిక్కు."

మర్నాడు మళ్లీ తలుపు పడింది. మిషన్ చెయ్యి తల చుట్టూ తిరగసాగింది. ఆవిడ చెయ్యి లేవబోయింది. అంతలో గోడలోని స్పీకర్లోంచి మైకు బాబాయి గొంతు:

"ఏరా బావమరిదీ, నా నిచ్చెన ఏదిరా? ఏంటీ, తీగ పాకిందా? పాకేదాకా గుడ్లప్పగించి చూశావా? పూలు నువ్వే ఉంచుకో, నిచ్చెన నాకు పారెయ్!"

లైబ్రేరియనమ్మ "ష్!" అనబోయింది. వల పెదవి కదలనివ్వలేదు. ఆ ఉడుకుమోత్తనంలో భయపడటం మరిచిపోయింది. తీగ తెగకుండా నిచ్చెన ఎలా లాగాలా అని ఆలోచిస్తుండగానే తలుపు తెరుచుకుంది.

ఆఖరి రోజు కథ ముదిరింది. "పిట్ట గూడు కట్టిందా? గుడ్లు కూడానా? అవి పిల్లలై ఎగిరేదాకా నేను అటకెక్కకూడదంటావా? ఒరేయ్, మీ అక్కకి ఫోనివ్వరా!"

అక్క ఏమందో తేలకముందే చికిత్స అయిపోయింది.

లైబ్రేరియనమ్మ లేచీ లేవగానే బయటి గదికి నడిచింది. "ఈ మైకు కట్టేవాడే లేడా ఇక్కడ?"

"బాబాయికి మతిమరుపండీ," అంది నర్సు, కంప్యూటరు తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆవిడే కట్టేద్దామని మైకు బటన్ నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. వేలు తీసింది. ఆరిపోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ తీసింది. నొక్కి పట్టుకుంటే తప్ప పలకని మైకు అది. బొటనవేలు ఆనేచోట రంగంతా అరిగిపోయింది.

అప్పుడే మైకు బాబాయి బొటనవేలు రుద్దుకుంటూ, గొడుగు చంకన పెట్టుకుని వచ్చాడు. "మళ్లీ మరిచిపోయానా? ఖర్మ!"

ఆవిడ చెయ్యి ఇంకా బటన్ మీదే ఉంది. తిడదామని వచ్చిన మనిషి నోట వేరే మాట వచ్చింది. "బాబూ, పిట్టలు ఎగిరాయా?"

ఆయన నోరు తెరిచాడు, జేబు తడుముకున్నాడు, ఫోను చెవికి ఆనించాడు. "ఏరా బావమరిదీ!" అంటూ, వస్తానని కూడా అనకుండా వరండా దాటిపోయాడు.

ఫోను మోగిన చప్పుడైతే ఆవిడకు వినపడలేదు. కానీ ఆయన నిలబడింది ఆవిడ కుడి చెవి వైపు.